పాతబడని మాట

నలభై నిమిషాల్లో ఎనిమిది గంటల నిద్ర పోయి లేచిన హైమవతి మొదట కాఫీ అడిగింది. తర్వాత టైమెంతైందని అడిగింది. ల్యాబులో గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఆమె కళ్లు మూసినప్పుడు పదిన్నర. ఒళ్లు మాత్రం సెలవు రోజున పొద్దెక్కేదాకా పడుకుని లేచినట్టు తేలిగ్గా ఉంది. ఇరవై ఏళ్లుగా విమానాల్లో తిరుగుతూ, కునికిపాట్లతోనే కాలం నెట్టుకొచ్చిన మనిషి. ఇలాంటి నిద్ర పట్టి ఎన్నేళ్లైందో ఆమెకే గుర్తు లేదు. సంతోషించాల్సిన మాటే. కానీ ఆమెకు భయమేసింది. ఈ పట్టీ నిజంగానే పనిచేస్తోంది!

"ఎలా ఉందండీ?" అన్నాడు డాక్టర్ సత్యవ్రత్, ఆమె నుదుటి మీది పట్టీ విప్పుతూ. నాలుగు వేళ్ల వెడల్పున్న ఆ బూడిదరంగు పట్టీని కనిపెట్టింది ఆయనే. పదకొండేళ్ల కష్టం. బిడ్డను కొత్త బళ్లో చేర్చడానికి వచ్చిన తండ్రి ఆత్రం ఉంది ఆయన మొహంలో.

"మంచిగనే ఉందండి," అంది హైమ, పడని చుట్టాల ఇంట్లో కూర బాగుందని ఒప్పుకున్నట్టు.

ఆ ఒక్క మాట అనడానికి ఆమెకెందుకంత కష్టమైందంటే, ఆమె ఆ ల్యాబుకు వచ్చింది ఆ పట్టీ పనికిరాదని తేల్చడానికి. నీలాంబరి ఎయిర్‌వేస్‌లో విమానం లోపల పనిచేసే సిబ్బందికి ఒక యూనియన్ ఉంది. నాలుగొందల మంది ఉన్న దాని హైదరాబాద్ శాఖకు హైమ కార్యదర్శి. రెండు డ్యూటీల మధ్య పన్నెండు గంటల విశ్రాంతి అనేది ఆ యూనియన్ ఒకప్పుడు కొట్లాడి తెచ్చుకున్న హక్కు. పట్టీ రాగానే కంపెనీ ఏమందంటే, నలభై నిమిషాల్లో నిద్ర పూర్తవుతుంటే పన్నెండు గంటలెందుకు, ఐదు చాలు అంది. యూనియన్ ఒప్పుకోలేదు. ఒక సోమవారం నూట ఎనభై మంది ఒకేసారి ఒంట్లో బాగా లేదని ఫోన్లు చేశారు. విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మర్నాడు కంపెనీ ఇరవై ఆరు మందిని సస్పెండ్ చేసింది.

లేబర్ కమిషనర్ ఆఫీసులో ఐదు నెలలు నానిన తర్వాత ఒక దారి దొరికింది. యూనియన్ మనిషి ఒకరు తొంభై రోజులు మామూలు నిద్ర మానేసి పట్టీతోనే గడుపుతూ డ్యూటీ చేయాలి. పట్టీ వల్ల మనిషికి నష్టం ఉందని తేలితే కంపెనీ దాని ఊసు ఇక ఎత్తకూడదు. లేదని తేలితే ఐదు గంటలకు యూనియన్ ఒప్పుకోవాలి. ఎటు తేలినా ఇరవై ఆరు మందిని వెనక్కి తీసుకుంటారు. మధ్యలో మానేస్తే మాత్రం వాళ్లూ పోతారు, పన్నెండు గంటలూ పోతాయి.

"నేను పెట్టుకుంట," అంది హైమ. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు.

రోజూ నింపాల్సిన ఫారం కూడా యూనియనే తయారుచేసుకోవచ్చన్నారు. హైమ రెండు రోజులు కూర్చుని నలభై ఒక్క ప్రశ్నలు రాసింది. కాళ్ల వాపు, నడుంనొప్పి, చూపు, చెవి, చేతుల వణుకు, తలుపు తెరిచే క్రమం తప్పు లేకుండా చెప్పగలగడం, మంటలొస్తే ఏది ముందు ఏది వెనక. ఒక్కటీ వదల్లేదు. నలభై ఒకటో ప్రశ్న, "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" యూనియన్ అధ్యక్షుడు సలీమ్ భాయ్ అది చదివి, "ఇంత పకడ్బందీగ కంపెనీ లాయర్లు గూడ రాయలేరు," అని మెచ్చుకున్నాడు. ఆమెకు లోపల గర్వంగానే అనిపించింది.

ఇక్కడ విమానాల వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి విమానంలోనూ ఒక పుస్తకం ఉంటుంది. విరిగిన సీటు, కారే కుళాయి, మూత పడని అర, ఏది కనపడినా సిబ్బంది అందులో రాయాలి. రాస్తే ఇంజనీరు రావాలి. ఇంజనీరొస్తే విమానం ఆలస్యం. ఆలస్యమైతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ప్రాణం మీదికి రానిదాన్ని చూసీ చూడనట్టు వదిలేసి, గడిలో "నిల్" అని రాసి సంతకం గీకేస్తారు. కొత్త పిల్లలకు ఈ విద్య ఎవరూ నేర్పరు. ఆర్నెల్లలో అదే వస్తుంది. హైమకు వచ్చి ఇరవై ఏళ్లయింది. మొదటి రోజు డాక్టర్ కాగితం ముందు పెట్టగానే నలభై ప్రశ్నలకు శ్రద్ధగా జవాబులు రాసింది. నలభై ఒకటో దాని కింద చేయి దానంతటదే "నిల్" అని రాసేసింది.

తొమ్మిదో రోజున కౌముది బళ్లో ఖోఖో ఫైనల్ ఉంది.

కౌముదికి పన్నెండేళ్లు. హైమకూ గోపీనాథ్‌కూ ఒక్కతే కూతురు. తల్లి విమానాల్లో ఉంటే తండ్రే జడలు వేసి, డబ్బా కట్టి, బడికి పంపుతాడు. కరెంటాఫీసులో పని కాబట్టి సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి. ఆ ఆటకు తప్పకుండా వస్తానని హైమ మాటిచ్చింది. కానీ నిద్ర అక్కర్లేని మనిషి దొరికితే డ్యూటీలు వేసేవాళ్లు ఊరుకుంటారా? పొద్దున ఢిల్లీ వెళ్లి రమ్మన్నారు. ఆమె శంషాబాద్ నుంచి యూనిఫాంలోనే బడికి పరుగెత్తేసరికి మైదానంలో సున్నం గీతలు మాత్రం మిగిలాయి. కౌముది జట్టు ఓడిపోయింది. కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నువ్ రాకున్నా మంచిగుండేది. నువ్ లేనప్పుడే మన ఇల్లు మంచిగుంటది."

హైమకు ఆ మాట సూటిగా తగిలింది. పిల్లలు అంటారు, తల్లులు పడతారు. మర్నాడు పొద్దున కౌముదే వచ్చి మెడ చుట్టూ చేతులేసి, "సారీ మమ్మీ, నిన్న కోపంల అన్న," అని, ఉల్లిపాయ దోశ అడిగింది. హైమ వేసి పెట్టింది. అక్కడితో అయిపోవాల్సిన గొడవ.

అయిపోలేదు. పదో రోజు కూతురు మొహం చూడగానే హైమకు ఆ మాట వినపడింది. గుర్తురావడం కాదు, అప్పుడే అన్నట్టు వినపడింది. ఇరవయ్యో రోజూ అంతే. ముప్ఫయ్యో రోజున పిల్ల హోంవర్క్ చూపించడానికి వచ్చి ఒళ్లో తల పెడితే, హైమ ఒళ్లు బిగుసుకుపోయింది. పని ఉందని లేచి వెళ్లి, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. పన్నెండేళ్ల పిల్ల మాటకు ఇంత పగా? తను ఇంత చిన్న బుద్ధి మనిషా?

"పిల్ల ఏదో అన్నది. నెలయింది," అన్నాడు గోపి ఒకరోజు, గొంతు తగ్గించి. "దాన్ని పట్టుకొని ఎన్ని రోజులు కూసుంటవ్? అది నీ దగ్గరికి రాను గూడ భయపడుతున్నది."

"నాకు తెల్వదా?" అంది హైమ. "మరిచిపోదామనే చూస్తున్న. అయితలేదు."

గోపి అన్న ఆ మాట కూడా ఆమెలో అట్లాగే ఉండిపోయింది. విమానంలో ఒకాయన అన్నం చల్లగా ఉందని ట్రే ఆమె వైపు తోసేసి అన్న మాట, ఒకావిడ చిటికె వేసి పిలవడం, సస్పెండైన అమ్మాయి ఒకతె ఫోన్లో "మీకేం మేడమ్, మీకు డ్యూటీ ఉంది" అని దెప్పడం, ఏదీ పోలేదు. ఏ రోజుకారోజు కొత్తది వచ్చి చేరుతోంది. ఆమె మాట్లాడడం తగ్గించింది. ఎవరూ ఏమీ అనకుండా ఉండాలంటే ఎవరి దగ్గరా నిలబడకపోవడమే మేలనుకుంది.

ల్యాబులో మాత్రం అన్నీ భేషుగ్గా ఉన్నాయి. తెర మీద దీపం వెలగగానే బటన్ నొక్కడంలో, తలుపుల క్రమం అప్పజెప్పడంలో, ఆమె ఇరవై ఐదేళ్ల పిల్లల మార్కులను దాటిపోయింది. ఫారం నింపేటప్పుడు ఒకటి రెండుసార్లు నలభై ఒకటో ప్రశ్న దగ్గర కలం ఆగింది. ఇంట్లో గొడవలు ఆఫీసు కాగితంలో ఎందుకు? రాస్తే ప్రయోగం ఆపుతారేమో. ఆపితే ఇరవై ఆరు మంది సంగతేంటి? "నిల్" అని రాసి సంతకం పెట్టింది.

తొంభై రోజులూ అయిపోయాయి. పట్టీ ఇచ్చేసి ఇంటికొచ్చి, మూడు నెలల తర్వాత మొదటిసారి తన మంచం మీద రాత్రంతా నిద్రపోయింది.

నాలుగు రోజులకు సలీమ్ భాయ్ యూనియన్ ఆఫీసులో ల్యాబు రిపోర్టు టేబుల్ మీద గిరాటేశాడు. ఆయన మంచివాడే కానీ ఓటమి ముందు కూర్చుంటే నోరు ఆగదు.

"ఇంత మంచి మార్కులు ఎవరు తెచ్చుకోమన్నరు హైమా? మన కొంప మనమే ముంచుకున్నట్టయింది. కంపెనీకి నీకంటె మంచి సాక్షి యాడ దొరుకుతది?"

హైమ అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంటికొచ్చి తిండి తినకుండా పడుకుంది. తెల్లారి లేచి, గోపికి ఆ సంగతి చెబుతూ చెబుతూ సలీమ్ భాయ్ గొంతును అనుకరించి తనే నవ్వేసింది. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, బాధలో అన్నాడు అనుకుంది. తర్వాత బడికి టైమవుతోందని దువ్వెన తీసుకుని కౌముదిని ముందు కూర్చోబెట్టుకుంది. పిల్ల జుట్టు చేతిలోకి తీసుకోగానే, నువ్ లేనప్పుడే మన ఇల్లు మంచిగుంటది.

దువ్వెన పట్టుకుని అట్లాగే ఉండిపోయింది హైమ. నిన్న పదిమందిలో పడ్డ అవమానం ఒక్క రాత్రికి చల్లారింది. మూడు నెలల నాటి పిల్ల మాట చల్లారలేదు. మెల్లగా లెక్క వేసుకుంది. నాలుగేళ్ల కింద అమ్మ పోయింది. ఆ దుఃఖం ఉంది, కానీ మెత్తబడింది. తలుచుకుంటే అమ్మ చేతి పప్పుచారు కూడా గుర్తొస్తుంది. రెండేళ్ల కింద ఒక ప్రయాణికుడు చెంప మీద కొట్టబోయాడు. దాన్నిప్పుడు కథలా చెప్పి నవ్విస్తుంది. ప్రయోగానికి ముందువన్నీ పాతబడ్డాయి. ప్రయోగం అయ్యాకవీ పాతబడుతున్నాయి. ఆ తొంభై రోజులవి మాత్రం ఇవాళ్టివే.

"మమ్మీ, జడ," అంది కౌముది భయంభయంగా.

ఆ మధ్యాహ్నమే హైమ సత్యవ్రత్ ముందు కూర్చుంది. అంతా విని ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు.

"నిద్రలో కలలు వచ్చే భాగం ఒకటుందండీ. ఒంటికి దానితో పెద్ద పని లేదు, జ్ఞాపకానికీ లేదు అనుకున్నాం. అందుకే ఎక్కువగా కుదించింది దాన్నే. బాధ అరిగేది అక్కడేనేమో. జరిగింది జరిగినట్టు దాచుకుని, నొప్పిని మాత్రం ఏ రాత్రికారాత్రి కాస్త కాస్త తీసేసే పని ఏదో అక్కడ జరుగుతోంది. మేం దాన్ని కొలవలేదు."

"ఇప్పుడు మంచిగ నిద్రపోతున్న గద. పోదా?"

"ఏ రోజుది ఆ రోజే అరగాలేమో." ఆయన ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. "మొన్న పస్తున్న పిల్లకు ఇవాళ రెండింతలు పెడితే మొన్నటి ఆకలి తీరదు కదండీ. నాకు కచ్చితంగా తెలియదు. కానీ పోతుందని మీకు అబద్ధం చెప్పలేను."

"మరి ఈ సంగతి రిపోర్టుల రాయండి."

"దేన్ని చూపించి రాయమంటారు? రోజూ నేను మొదట చూసేది నలభై ఒకటో ప్రశ్ననే. ఒక్క రోజు, ఒక్క ముక్క రాసి ఉంటే ప్రయోగం ఆపేసేవాణ్ణి హైమవతి గారూ."

ఆయన కోపంగా అనలేదు. అందుకే హైమకు మరీ కష్టంగా అనిపించింది.

సలీమ్ భాయ్‌కి చెబితే తల పట్టుకున్నాడు. "కమిషనర్ ఆఫీసుల విచారణ ఉంది గద, అండ్ల నోటితోనే చెప్పు. పిల్ల ఏమన్నదో, నీకేమైతున్నదో, అంత చెప్పు. వేరే ఏముంది మన చేతుల?"

"అది నా బిడ్డ ముచ్చట భాయ్. పదిమందిల ఎట్ల చెప్త?"

"నీ ఇష్టం," అన్నాడాయన. "కాని నాలుగొందల ఇండ్లున్నయి హైమా. అందరి ఇండ్లల్ల పిల్లలున్నరు, మొగుళ్లున్నరు, అత్తలున్నరు. ఎవలు ఏదో ఒకటి అనకుంట ఉంటరా?"

విచారణ రోజున కంపెనీ లాయరు గొంతు పెంచలేదు. ఒక కాగితాల కట్ట ఆమె ముందు పెట్టాడు.

"ఈ ఫారం తయారుచేసింది ఎవరండీ?"

"నేనే."

"నలభై ఒకటో ప్రశ్న కూడానా?"

"ఔను."

"దాని కింద మీరేం రాశారో కాస్త చదవండి. మొదటి రోజుది. తర్వాత రెండోది. తొందరేం లేదు."

ఏడో కాగితం దగ్గర విచారణ చేస్తున్న అధికారిణి చాలన్నట్టు చెయ్యెత్తింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్లు. "మీరేమైనా చెప్పుకుంటారా?" అని అడిగింది మెత్తగా. హైమ చెప్పింది. ఖోఖో గురించి, కారులో పిల్ల అన్న మాట గురించి చెప్పింది. కూతురు సారీ చెప్పిందనీ, దోశ తిందనీ కూడా దాచలేదు. "నా బిడ్డ మొహం చూస్తే నాకు ఇప్పటికి గూడ నొప్పి లేస్తది మేడమ్. దగ్గరికొస్తే జరిగిపోత. ప్రేమ లేక కాదు. ఆ మాట ఇప్పుడే అన్నట్టుంటది. నాలుగొందల మందిని నా లెక్క చెయ్యకండి." టైపు చేసే అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ టైపు చేసుకుపోయింది. సత్యవ్రత్‌ను అడిగితే, అలా జరిగే అవకాశం ఉందని, కానీ కొలిచిన ఆధారం లేదని నిజమే చెప్పాడు.

రెండు వారాల తర్వాత ఒక శనివారం. మధ్యాహ్నం హైమ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. బడి వాళ్లు పంపిన ప్రాజెక్టు చూసుకోవాలని తల్లి ఫోన్ తీసుకుంది కౌముది. పావుగంట గడిచినా చప్పుడు లేదు. హైమ వచ్చి చూస్తే పిల్ల సోఫాలో ముడుచుకుని ఫోన్ వైపే చూస్తోంది. సలీమ్ భాయ్ పంపిన తీర్పు కాపీ తెరిచి ఉంది. ఇరవై ఆరు మందిని సోమవారం నుంచి తీసుకుంటారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి విశ్రాంతి ఐదు గంటలు, పట్టీ తప్పనిసరి. కార్యదర్శి నోటిమాటను నమోదు చేసుకున్నామనీ, తొంభై రోజుల రాతపూర్వక ఆధారం ముందు అది నిలవదనీ రాశారు. అడుగున ఆమె మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి.

"నేను ఇట్లన్ననా మమ్మీ?" అంది కౌముది. "నాకు యాదికే లేదు."

హైమ పక్కన కూర్చుంది.

"సారీ చెప్పలేదా నేను?"

"చెప్పినవ్. మర్నాడే చెప్పినవ్."

"మరి ఇప్పుడు గూడ నన్ను చూస్తే నొప్పి లేస్తదా?"

లేదని చెప్పడం ఎంతసేపు? కానీ పిల్ల ఆ మాటలు తన కళ్లతో చదివింది. ఇన్నాళ్లూ తల్లి ఎందుకు తప్పుకుంటోందో తెలియక బెదిరిపోయిన పిల్లకు ఇంకో అబద్ధం చెప్పడానికి హైమకు మనసొప్పలేదు.

"లేస్తది బిడ్డా. అది నీ తప్పు కాదు. ఆ పట్టీ తప్పు. నాది గూడ."

కౌముది మొహం నల్లబడిపోయింది. "అందరికీ చెప్పినవ్," అంది. "ఆఫీసుల అందరికీ. నేనే చెడ్డదాన్నని." లేచి ఫోన్ విసిరికొట్టింది. హైమ పట్టుకోబోతే చేతులు తోసేసింది. "నన్ను ముట్టుకోకు. నీకు నొప్పయితది గద!" అని అరిచింది. ఆ మాటకు తల్లీ కూతుళ్లిద్దరూ ఏడ్చారు, ఒకరు సోఫా ఈ చివర, ఒకరు ఆ చివర. ఏడుపు తగ్గాక పిల్ల ఎక్కిళ్ల మధ్య అడిగింది.

"మళ్ల పెట్టుకుంటవా అది?"

ఉద్యోగం ఉంటే పట్టీ ఉంటుంది. తను యూనియన్ కార్యదర్శి. నాలుగొందల మంది నుదుటికి అది తగులుకుంటుంటే తనొక్కతే రాజీనామా కాగితం పడేసి ఎట్లా వెళ్లిపోతుంది? అదంతా పిల్లకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే కౌముది ఏడ్చి ఏడ్చి సోఫా మీదే కళ్లు మూసింది.

హైమ కింద కూర్చుంది. నేల మీద పడ్డ ఫోన్ వణికింది. వెనక్కి తీసుకున్న ఇరవై ఆరు మందిలో ఎవరో. థాంక్స్ చెప్పడానికో, తిట్టడానికో. ఆమె దాన్ని ఆపేసింది. వీధిలో కూరగాయల బండి మైకు మోగుతూ వస్తుంటే గబగబా లేచి కిటికీ మూసింది. ఫ్యాన్ ఒకటి తగ్గించింది. నన్ను ముట్టుకోకు అన్న మాట గుండెల్లో ఉంది. అది ఇవాళ్టి మాట కాబట్టి రేపటికి కాస్త తగ్గుతుంది. ఈ నెలాఖరు దాకా, పట్టీ మళ్లీ వచ్చేదాకా, ఎవరేమన్నా తగ్గుతుంది. పిల్ల కనురెప్పల కింద కళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. ఏదో కల. హైమ కదలకుండా చూసింది.

గోపి తాళం తిప్పి లోపలికొచ్చి, చెప్పులు విడుస్తూ, ఈ టైములో దీనికి నిద్రేంటని కూతురు భుజం తట్టబోయాడు. హైమ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేపకు," అంది. "దాన్ని నిద్రపోనియ్యి."